భజనల కవర్లో వెళ్లిన అరుపులు

సౌండ్ ఇంజనీరంటే మీటలు తిప్పేవాడనుకుని ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ముందే ఒక మాట చెప్పాలి. మీటలు తిప్పడం తొందరగానే వస్తుంది. ఎదుటివాడు తన పాట తానే విని మొహం మాడ్చుకున్నప్పుడు మన మొహం ఎలా పెట్టుకోవాలో నేర్చుకోవడానికే ఉద్యోగమంతా పడుతుంది. నేను రిటైరయ్యాను గాని, ఆ రెండోది ఇంకా పూర్తిగా రాలేదు.

నా పేరు సుభాని. మా నాన్న విజయవాడ గవర్నర్‌పేటలో రేడియోలు బాగుచేసేవారు. అదే వీధిలో, ఒక లాడ్జిని ఆనుకుని ఉన్న భవనం పై అంతస్తులో రికార్డింగ్ స్టూడియో ఉండేది. కుర్రతనంలో అందులో చేరినవాణ్ని, జుట్టు నెరిశాకే మెట్లు దిగాను. నా జీతం ఎప్పుడు పెరిగిందో, నన్ను చీఫ్ ఇంజనీరని ఎప్పటినుంచి పిలిచారో ఇక్కడ రాయను. ఉన్నది నేనొక్కణ్నే కాబట్టి చేరిన రోజునుంచీ నేనే చీఫ్.

రాయదలచుకున్నది ఒక్క ఆల్బమ్ గురించి. మెటల్ అనే రకం సంగీతం. భక్తి పాటలు, బుర్రకథలు, ఎన్నికల పాటలు లెక్కలేనన్ని రికార్డు చేశాను. వాటి గురించి నన్ను ఎవరూ అడగరు. ఎవరూ కొనని ఆ ఒక్కదాని గురించి మాత్రం ఇప్పటికీ ఫోన్లు వస్తాయి.

మా యజమాని రాఘవయ్యగారు

స్టూడియో యజమాని రాఘవయ్యగారికి సంగీతం రాదు. అయినా ఏ పాట అమ్ముడవుతుందో పల్లవిలోనే చెప్పేసేవారు. చాలాసార్లు తప్పేవారు. తప్పినప్పుడల్లా, జనానికి రుచి పోయిందయ్యా అని జాలిపడేవారు. భక్తి పాటలే మా వ్యాపారం. స్వాములవారి పాటలన్నీ సుభాని చేతే ఎందుకు చేయిస్తారని ఎవరైనా అడిగితే, "దేవుడికి ఇనపడితే చాలదటయ్యా? ఎవడు ఇనిపిస్తే ఏం?" అనేవారు. ఆయనలో నాకు బాగా నచ్చిన మాటల్లో అదొకటి. నచ్చనివి చాలా ఉన్నాయి, అవి ఆయన పోయాక నాకూ గుర్తులేవు.

ఎన్నికలప్పుడు ఒకే నియోజకవర్గంలో పోటీచేస్తున్న ఇద్దరికి ఒకే బాణీలో పాట చేయించారు. ఒకే కోరస్. పేర్లు, గుర్తులు మాత్రం మార్చాం. ఇద్దరి మనుషులూ మా వరండాలో ఒకే బల్లమీద కూర్చుని టీలు తాగి, ఎవరి పాట వాళ్లు పట్టుకెళ్లారు. గెలిచినవాళ్లు స్వీట్లు పంపారు. ఓడినవాళ్లు మిక్సింగ్ బాగాలేదని కబురు పంపారు. కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన పని మంచి చెడ్డలు తేలేది ఫలితాల రోజున, అదీ మన చేతిలో లేని కారణాలవల్ల.

ఆషాఢం వస్తే మాకు పని ఉండేది కాదు. అలాంటి ఒక ఆషాఢంలో, సీడీల కాలం ఇంకా నడుస్తుండగా, ముగ్గురు పిల్లలు మెట్లెక్కి వచ్చారు.

ముగ్గురు పిల్లలు, ఒక లాకు

పటమటలో హార్డ్‌వేర్ షాపు ఉన్నవాళ్లబ్బాయి చైతన్య గిటారు వాయించేవాడు. అతని గిటారు తీగలు ఎంత వదులుగా ఉండేవంటే, మొదటిసారి చూసి అయ్యో పాపం, బిగించడం రాదేమో అనుకున్నాను. డ్రమ్స్ వాయించేది కరీముల్లా. వాళ్లది పెళ్లిళ్లకు బ్యాండుమేళం నడిపే కుటుంబం. పాడేది పద్మజ. సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. చల్లపల్లికి దిగువన, కాలవ చిట్టచివరి ఊళ్లలో ఒకదానిలో వాళ్ల నాన్న కోటేశ్వరరావుగారు వ్యవసాయం చేసేవారు.

మెటల్ ఆల్బమ్ చేయాలని వాళ్లు చెప్పగానే రాఘవయ్యగారు ఎంతో సంతోషించారు. ఏదో స్టీలు సామాన్ల షాపు వాళ్ల ప్రకటన అనుకున్నారాయన. అసలు సంగతి తెలిసేసరికి అడ్వాన్సు తీసేసుకున్నారు.

ఆల్బమ్ పేరు 'లాకులు'. మా ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకోసం చెబుతున్నాను. కృష్ణా కాలవల్లో నీళ్లు నిలబెట్టి, అవసరాన్నిబట్టి కిందికి వదిలే తలుపులున్న కట్టడాల్ని లాకులంటారు. తలుపెత్తితే దిగువకు నీళ్లు. దించితే ఎగువవాళ్లకు నీళ్లు. కాలవ చివరి భూముల్ని శివారు అంటారు. అందరి పొలాలూ తాగాక మిగిలినవే శివారుకు. అంతకు ముందు ఏడు పద్మజ వాళ్ల వరి పొట్టదశలో, వెన్ను తీయబోతుండగా, ఎండిపోయింది. వాళ్ల నాన్న లాకు దగ్గరికి వెళ్లి బతిమాలి, తిట్టించుకుని, తిరిగి వచ్చారు. ఆ పిల్ల చూసింది. అదే ఆల్బమ్.

ఆ సంగీతం ఎలా ఉండేదో చెప్పడం కష్టం. పల్లవి లేదు. ఒకసారి వచ్చిన ముక్క మళ్లీ రాదు. దరువు సాఫీగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తెగిపోయి, ఇంకోచోట అందుకుంటుంది. ఇదేం తాళమని కరీముల్లాని అడిగాను.

"ఊరేగింపు తాళం మామూ," అన్నాడు. "పెళ్లికొడుకు కారు ఆగినప్పుడల్లా మా దరువు తెగుద్ది కదా. ఎక్కడ తెగుద్దో ఎవడికీ తెలవదు. దాన్నే లెక్కగట్టి వాయిస్తన్నా."

వాటి మధ్యలో లాకు తలుపులు ఎత్తేటప్పుడు పళ్లచక్రం చేసే చప్పుడు ఉండేది. వాళ్లే వెళ్లి రికార్డు చేసుకొచ్చారు. వీటన్నిటి మీదా పద్మజ గొంతు. మామూలుగా మాట్లాడితే పక్కవాళ్లకు కూడా వినపడని పిల్ల. మైకు ముందు నిలబడి కడుపులోంచి అరిచిందంటే కంట్రోల్ రూములో నా టీ గ్లాసు వణికేది. 'శివారు' అనే పాటలో ఉన్నవి నాలుగు మాటలే. 'ఎత్తరా తలుపు, వదలరా నీరు.' అవే అన్నిరకాలుగానూ.

మొదటి రోజే రాఘవయ్యగారు తలుపు తీసి చూశారు.

"సుభానీ, ఆ అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండి. పాడుతోంది."

"ఇదే పాటా?"

"ఇది రెండోదండి."

ఆయన తలుపు వేసి, కిందికి వెళ్లి, లాడ్జి మేనేజరుకు ముందుగానే క్షమాపణ చెప్పి వచ్చారు.

తబలా సంచిలోకి వెళ్లిన సంగతి

పాటలన్నీ అయ్యాక రాఘవయ్యగారు కూర్చుని విన్నారు. విని, ఇది మనిషి వినేలా మార్చాలన్నారు. వెనకాల ఆడపిల్లల కోరస్ పెట్టు, తబలా పెట్టు, అరుపులు తగ్గించు. ఇదీ ఆయన ఆజ్ఞ. పిల్లలు ముగ్గురూ నావంక చూశారు.

ఇలాంటి సమయంలో కళ గురించి ఉపన్యాసం చెప్పకూడదు. యజమానుల మీద ఉపన్యాసాలు పనిచేయవు. నేను ఒకటే అన్నాను.

"తబలా పెడితే బాగానే ఉంటుందండి. కాకపోతే ఆ తాళం తబలా ఆయనకి మీరే చెప్పాలి."

"అదెంతలో పని!" అన్నారాయన.

మా భజనలకు వాయించే పెద్దాయన వచ్చారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. చేయి పైకెత్తారు. ఎక్కడ వేయాలో తెలియక అలాగే గాల్లో ఉంచారు. రెండోసారి ప్రయత్నించారు. మూడోసారి నవ్వారు. తర్వాత తబలాని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, "పిల్లలు బాగా వాయించారండి రాఘవయ్యగారు. మనం చెయ్యి పెట్టకపోతేనే మంచిది," అని వెళ్లిపోయారు. కోరస్ మాట మళ్లీ రాలేదు.

తబలా ఆయన వెళ్లిన మర్నాడే కోటేశ్వరరావుగారు వచ్చారు. కూతురు విజయవాడలో పూనకం వచ్చినదానిలా అరుస్తోందని ఎవరో చెప్పారట. తెల్లచొక్కా చెమటతో తడిసి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పద్మా, సంచి సర్దుకో," అన్నారు.

ఆ అమ్మాయి కదల్లేదు. ఏడవలేదు. "ఒక్కటి ఇను నాన్నా. విన్నాక వస్తా," అంది.

నాకు రెండు దారులున్నాయి. ఆల్బమ్‌లో గిటారు మాత్రమే ఉన్న ఒక మెత్తటి ముక్క ఉంది. అది వినిపిస్తే ఆయన కాస్త శాంతించేవారు. కాని కూతురు నావంక చూసిన చూపులో అది వద్దని ఉంది. నేను 'శివారు' పెట్టాను. హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకు పెద్దవయ్యాయి. రెండు చేతులతో పట్టుకుని నిలబడే విన్నారు. పళ్లచక్రం చప్పుడు వచ్చినచోట గబుక్కున వెనక్కి తిరిగి చూశారు. తలుపు దగ్గర ఎవరూ లేరు.

పాట అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టారు. తర్వాత నన్ను అడిగారు.

"ఇందులో మా ఊరి పేరు లేదు గదండీ?"

"లేదండి."

"హమ్మయ్య. ఉంటే వచ్చే ఏడు ఆ వచ్చే నాలుగు చుక్కలూ రానివ్వరు."

అప్పుడు కూర్చున్నారు. టీ తాగారు. తాగి, ఎవరి మొహమూ చూడకుండా, "మళ్లీ ఒకసారి ఎయ్యండి," అన్నారు.

వెళ్లేముందు మెట్ల దగ్గర కూతురితో అన్న మాట నాకు వినపడింది. "బయట నిలబడి అరిస్తే ఏమొచ్చుద్దమ్మా? నేను అరవలేదా? చదువు పూర్తిచేసి లోపల కూర్చో. లోపల కూర్చున్నోడు అరవక్కర్లేదు, సంతకం పెడితే చాలు."

కార్తీకమాసంలో జరిగింది

రాఘవయ్యగారికి పొదుపు ఎక్కువ. కార్తీకమాసానికి మా శివభజనల సీడీ రావాలి. 'లాకులు' కూడా దానితోపాటే వేయిస్తే పార్సిలు ఖర్చు కలిసొస్తుందని రెండు మాస్టర్ కాపీలనూ ఒకే పెట్టెలో ఎక్కడో దూరాన ఉన్న సీడీల ఫ్యాక్టరీకి పంపారు. అక్కడ ఎవరు ఏ మూడ్‌లో ఉన్నారో తెలియదు. భజనల లేబులు 'లాకులు' మీద పడింది. 'లాకులు' లేబులు భజనల మీద పడింది. సరుకు వచ్చింది, ఎవరూ విప్పి వినలేదు, షాపులకు వెళ్లిపోయింది. విని చూద్దామని నేను అంటే, "మనం చేసిందే గదయ్యా, మళ్లీ వినేదేంటి?" అన్నారు యజమాని.

ముందు పిల్లల సంగతి చెబుతాను. వాళ్ల స్నేహితులు, ఇంటర్నెట్‌లో ఈ రకం సంగీతం గురించి రాసేవాళ్లు కొందరు, సీడీ కొనుక్కుని పెట్టుకుంటే తాళాలు, చప్పట్లు, హరహర మహాదేవ. ఒకాయన దానిమీద పెద్ద సమీక్ష రాశాడు. మెటల్ అన్నదానినే నిరాకరించిన ధైర్యవంతమైన ఆల్బమని, ఒక్క గిటారు కూడా వాడకుండా ఇంత హింస పలికించడం సామాన్యం కాదని పొగిడాడు. చైతన్య ఆ కాగితం ప్రింటు తీసుకొచ్చి నాకు చూపించాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ముగ్గురూ మా వరండాలో కూర్చున్నారు. పద్మజ మాత్రం ఒక్కటే అంది.

"మనది ఎవరూ వినలేదు సార్."

విన్నారు. ఆ సంగతి మాకు ఇంకా తెలియదు.

పద్మజ వాళ్ల ఊరికి ఆవల, వేరే పిల్లకాలవ మీద ఇంకో శివారు ఊరుంది. పేరు రాయను, వాళ్లకు నీళ్లతో ఇప్పటికే చాలా తంటాలున్నాయి. అక్కడి గుడి కమిటీ పెద్ద నాంచారయ్యగారు కార్తీకమాసం మొదటి తెల్లవారుజామున మా భజనల సీడీ కొత్తది విప్పి మైకులో పెట్టారు.

కొన్నాళ్ల తర్వాత ఆయన ఆ సీడీ పట్టుకుని మా మెట్లెక్కుతుంటే పైనుంచి రాఘవయ్యగారు చూశారు. అప్పటికే పొరపాటు మాకు తెలిసిపోయింది. షాపులవాళ్లు తిడుతున్నారు. "నువ్వు మాట్లాడవయ్యా, నాకు బీపీ," అని ఆయన లోపలిగదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

నాంచారయ్యగారు కూర్చుని, మంచినీళ్లు తాగి, భుజంమీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. నేను క్షమాపణ మొదలుపెట్టబోయాను.

"ఆగండి, నన్ను చెప్పనియ్యండి," అన్నారు. "పొద్దున్నే పెట్టానా, ఊరంతా లేచి గుళ్లోకొచ్చింది. ఆడోళ్లు భయపడ్డారు. పూజారిగారు ఇది రుద్రతాండవం, కదలకుండా వినమన్నారు. ఇన్నాం. స్వామి ఏమంటున్నాడో మొదట తెలీలా. తర్వాత 'ఎత్తరా తలుపు' అన్నది తెలిసింది. మా ఊళ్లో పసిపిల్లాడికి కూడా ఆ మాట తెలుసు గదండీ."

"తర్వాత?"

"తర్వాతేముంది, ట్రాక్టరు మీద బాక్సులు కట్టుకుని కాలవ ఆఫీసుకు పోయాం. మేం అరిస్తే ఆళ్లకి అలవాటైపోయింది. ఇది అలవాటు లేదు. రెండో పాట సగంలో ఉండగానే ఆఫీసరుగారు బయటికొచ్చి చేతులు జోడించాడు. నీళ్లు పంపిస్తాను, ముందు ఆపండి అన్నాడు."

"వచ్చాయా మరి?"

"వచ్చాయండి. చేలు బతికినయ్యి."

నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. "ఆ వారంలోనే వాయుగుండం పట్టింది కదండీ. వాన దంచింది."

"వాన పడిన మాట నిజమే. కాని పాట ముందు పెట్టాం, వాన తర్వాత పడింది. వరస మీరే చూస్కోండి." కాస్త ముందుకు వంగారు. "ఆ పాడినాయనెవరో గాని, మా బాధ పడ్డవాడే అయ్యుంటాడు. మాకు ఇంకొన్ని సీడీలు కావాలి. పక్క ఊళ్లోళ్లు అడుగుతున్నారు."

లోపలిగది తలుపు మెల్లగా తెరుచుకుంది. బీపీ తగ్గిన రాఘవయ్యగారు బయటికి వచ్చి, ఎంతో వినయంగా అడిగారు.

"భజనల కవర్లోనే ఇమ్మంటారా?"

ప్రభావం అంటే

ఆల్బమ్ తర్వాత బ్యాండు నిలవలేదు. తగాదా ఏమీ కాదు. చైతన్య షాపులో కూర్చున్నాడు. కరీముల్లా వాళ్ల నాన్న మేళంలోకి వెళ్లాడు. అతనితోపాటే ఆ తెగే దరువు కూడా పెళ్లిళ్లలోకి వెళ్లింది. ఇప్పుడు బెజవాడలో ఏ ఊరేగింపు చూసినా దరువు ఒకచోట టక్కున ఆగుతుంది, కుర్రాళ్లు ఒక కాలు గాల్లో ఉంచి నిలబడతారు, దరువు మళ్లీ అందుకుంటుంది. ఎక్కడినుంచి వచ్చిందో వాయించేవాళ్లకే తెలియదు. మొక్కజొన్న వేసినవాళ్లు కొందరు అడవిపందుల్ని తోలడానికి మూడో పాట వాడుతున్నారని విన్నాను. పందులు మొదటి రెండు పాటలకు అలవాటుపడ్డాయట.

తర్వాత ఎవరో అసలు ఆల్బమ్‌ని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎక్కడెక్కడివాళ్లో విన్నారు. ఇదే మొదటిదని, ఇంతకుముందు ఇలాంటిది లేదని రాశారు. బెంగుళూరునుంచి ఒక బ్యాండు పిల్లలు పటమటలో మా ఇంటికి వచ్చారు. చెప్పులు బయట విడిచి, నేల మీదే కూర్చున్నారు. వద్దన్నా వినలేదు.

"సార్, పాటలన్నిటికీ అడుగున ఒక హమ్మింగ్ ఉంటుంది. ఊపిరాడనట్టుగా. దానికోసం మేం రెండేళ్లు ప్రయత్నించాం. అన్ని సాఫ్ట్‌వేర్లూ వాడాం. ఎలా తెచ్చారు సార్?"

అది లాడ్జివాళ్ల నీళ్ల మోటారు. మా గోడకు ఆనించి బిగించారు. మేం రికార్డింగ్ చేసే మధ్యాహ్నం వేళే వాళ్లు ట్యాంకు నింపుకునేవారు. ఎంత మొత్తుకున్నా మార్చలేదు. ఆ మాటే పిల్లలతో చెప్పాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకతను చాలా భక్తిగా, "మోటారు ఎన్ని హార్స్‌పవర్ సార్?" అని అడిగాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రభావం అన్నది మీరు పంపిన అడ్రసుకు వెళ్లదు. కాబట్టి దానికోసం పని చేయకండి. ఎదురుగా మైకు ముందు నిలబడ్డ మనిషి ఏం చెప్పాలనుకుంటున్నాడో అది చెరపకుండా అందించండి, చాలు. తర్వాత దాన్ని గుడిలో వేస్తారో, పందులకు వేస్తారో మన చేతిలో లేదు.

పద్మజ సంగతి మాత్రం చాలా ఏళ్లు తెలియలేదు. చదువు పూర్తిచేసిందని, గవర్నమెంటు పరీక్షలు రాస్తోందని ఎవరో చెప్పగా విన్నాను.

ట్రాక్టరు మీద ప్రయాణం

రిటైరయ్యాక మొన్నటి పంటకాలంలో నాంచారయ్యగారు ఫోన్ చేశారు. ఇప్పుడాయనకు బాగా వయసు మీదపడింది. గొంతు మాత్రం అలాగే ఉంది.

"మాస్టారూ, సీడీ అరిగిపోయింది. సెల్లులో పెడితే చప్పుడు చాలటంలా. చేలు పొట్టమీదున్నాయి, నేల నెర్రెలిచ్చింది. మంచి కాపీ ఉంటే మీరే తెచ్చి, మీరే పెట్టండి. మీ చెయ్యి మంచిది."

ఉద్యోగంలో ఉండగా నా చెయ్యి మంచిదని ఎవరూ అనలేదు. చల్లపల్లి బస్సెక్కాను.

ట్రాక్టరు ట్రక్కులో నాలుగు పెద్ద బాక్సులు, జనరేటరు, నాకొక ప్లాస్టిక్ కుర్చీ. వెనక ట్రక్కులో రైతులు. కాలవ ఆఫీసు ముందు ఆపి, నేను వైర్లు కలుపుతుంటే నాంచారయ్యగారు ఉత్సాహంగా చెప్పారు. "కొత్తగా వచ్చిన డీఈ ఇంజనీరు ఆడమనిషంట. ఒక్క పాటకే దిగొచ్చుద్ది."

'శివారు' పెట్టాను. కిటికీలు అదిరాయి. చెట్లమీది కాకులు లేచిపోయాయి. ఆఫీసులోంచి గుమాస్తాలు చెవులు మూసుకుని వచ్చారు. వాళ్ల వెనక ఒకామె వచ్చి వరండా మెట్లమీద నిలబడింది. కళ్లజోడు, కాటన్ చీర, చేతిలో పెన్ను. చెవులు మూసుకోలేదు.

పద్మజ.

నన్ను చూసింది. నేను చేయి వాల్యూమ్ మీటమీదికి తీసుకెళ్లాను. వద్దన్నట్టు తల ఊపింది. పాట చివరిదాకా కదలకుండా నిలబడి వింది. తన గొంతు తన ఆఫీసు గోడలకు తగిలి తిరిగి వస్తుంటే ఆమె మొహంలో ఏముందో నాకు చదవడం చేతకాలేదు. వాళ్ల నాన్న హెడ్‌ఫోన్స్ పట్టుకుని నిలబడ్డట్టే నిలబడింది.

అయిపోయాక నాంచారయ్యగారు ముందుకెళ్లి నమస్కారం పెట్టారు. "మేడంగారూ, ఇది మొదటిదండి. ఇంకా ఉన్నాయి."

"తెలుసండి," అంది. "కూర్చోండి. మీ వంతు నీళ్లు వదలమని సంతకం చేసి మూడు రోజులైంది."

"మరి రాలేదేమండి?"

"పై లాకు దగ్గర ఎగువవాళ్లు కూర్చున్నారు. తలుపు ఎత్తనివ్వటం లేదంట. ఫోన్లో చెప్పాను, కాయితం పంపాను. ఇంకోటి పంపమంటున్నారు." మెట్లు దిగింది. "మీరు పాట పెట్టాల్సింది ఇక్కడ కాదు. పదండి, నేనూ వస్తున్నా."

గుమాస్తా ఒకాయన కంగారుగా ఏదో చెవిలో చెప్పాడు. ఎగువవాళ్ల వెనక పెద్దవాళ్లున్నారని, ట్రాన్స్‌ఫరైపోతారని చెబుతున్నట్టు మాకూ వినపడింది. ఆమె పెన్ను అతని చేతికిచ్చి జీపెక్కింది. మేం వెనకాలే ట్రాక్టరు తోలుకెళ్లాం.

లాకు దగ్గర గట్టుమీద జనం ఉన్నారు. తలుపెత్తే లస్కరు చక్రం పక్కన నిలబడి, ఎటు చూస్తే ఎవరికి కోపమొస్తుందోనని ఆకాశంవైపు చూస్తున్నాడు. కాలవలో ఎగువ పక్క నిండుగా నీళ్లు. దిగువ పక్క బురద.

మేం పాట పెట్టాం. ఎగువవాళ్లు నవ్వారు. ఒక కుర్రాడు దరువుకు డాన్సు కూడా వేశాడు. పెళ్లిళ్లలో విని అలవాటే కదా. పద్మజ నావైపు చూసి ఆపమన్నట్టు సైగచేసింది. ఆపాను. ఆమె గట్టు దిగి వెళ్లి మర్యాదగా చెప్పింది. ఆర్డరు చూపించింది. వంతుల లెక్క చెప్పింది. ఎప్పట్లాగే పక్కవాళ్లకు కూడా వినపడనంత మెత్తగా.

"అట్టాగేనండి మేడం," అన్నాడు వాళ్లలో పెద్దాయన. "మా చేల తడి అయ్యాక చూద్దాం లెండి. ఎండలో ఎందుకు, మీరు ఆఫీసుకెళ్లండి."

లస్కరు ఇంకా ఆకాశంవైపే చూస్తున్నాడు. ఆమె ఒకసారి దిగువ బురదవైపు చూసింది. కాగితం మడిచింది. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడింది. ఆ నిలబడడం నాకు తెలుసు. నా చేతులు వాటంతటవే చెవులమీదికి వెళ్లాయి.

"ఎత్తరా తలుపూ!"

నా ఉద్యోగంలో ఎన్నో గొంతులు మైకులో విన్నాను. మైకు లేకుండా, ఆరుబయట, ఆ గొంతు వినడం అదే మొదటిసారి. డాన్సు వేసిన కుర్రాడు కూర్చుండిపోయాడు. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి ఎవరి కాలో తొక్కాడు. లస్కరు ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. పళ్లచక్రం కిర్రుమంది. తలుపు లేచింది. నీళ్లు దూకాయి.

ఎగువవాళ్లు గొడవ చేయలేదు. ఒక్కొక్కరే తువ్వాళ్లు దులుపుకుని లేచారు. మావాళ్లు నీళ్లవెంట గట్టుమీద పరిగెత్తారు. నాంచారయ్యగారు పరిగెత్తలేరు కాబట్టి నా కుర్చీ దగ్గరికి వచ్చి, బాక్సులవైపు అనుమానంగా చూశారు.

"మాస్టారూ, పాట ఆపారు గదా?"

"ఆపానండి. జనరేటరు కూడా కట్టేశాను."

ఆయన బాక్సు మీద చెయ్యి వేసి చూశారు. తర్వాత గట్టెక్కి వస్తున్న పద్మజవైపు చూశారు. ఆమె గొంతు పట్టేసినట్టుంది, మంచినీళ్ల బాటిలు తెరుస్తోంది. నాంచారయ్యగారు చేతులు కట్టుకుని అడిగారు.

"మేడంగారూ, ఏమనుకోకండి. అంత గొంతు ఎక్కణ్నించొచ్చిందండీ?"

ఆమె నావంక చూడలేదు. నీళ్లు తాగి, మూత బిగించి, బొంగురుగా చెప్పింది.

"ఈ డిపార్ట్‌మెంట్లో చేరితే ఎవరికైనా వచ్చేస్తుందండి."

నాంచారయ్యగారు చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఎంతో జాలిగా తల ఊపి నాతో అన్నారు.

"అయితే పాపం, ఆ పాడినాయన కూడా ఇందులోనే పనిచేసుంటాడండి."